పొడుపు కథ విప్పలేని పిల్లాడికి తెలివి తక్కువా?

మీరు అడిగింది ఇదీ. మూడో తరగతి చదివే మీ అబ్బాయికి బడిలో పెట్టిన తెలివితేటల పరీక్షలో 118 వచ్చింది. సంక్రాంతికి ఊరెళ్తే వాళ్ళ నాయనమ్మ వేసిన పొడుపు కథల్లో ఒక్కటీ విప్పలేకపోయాడు. వాడి ఈడువాడే అయిన మీ తోటికోడలి కొడుకు మాత్రం అడగడమే ఆలస్యం అన్నట్టు చెప్పేశాడు. "మార్కులున్నాయి గానీ బుర్ర లేదు" అని మీ అత్తగారు తేల్చేశారు. పూర్వం తెలివిని ఇలాగే కొలిచేవారు కదా, మరి ఐక్యూ పరీక్షలు బూటకమా, లేక పొడుపు కథలే ఉత్త కాలక్షేపమా అన్నది మీ సందేహం.

పిల్లలకు ఈ పరీక్షలు చేయడం, రిపోర్టులు రాయడం చాలా ఏళ్ళు నా వృత్తి. పొడుపు కథల మీద ఇష్టం అంతకు ముందునుంచీ ఉంది. కాబట్టి రెండు వైపులా నాకు కొంత పక్షపాతం ఉందనే అనుకోండి.

మీ అత్తగారు చూసింది ఒకటి, బడివాళ్ళు చూసింది ఇంకొకటి. మామూలుగా ఇంతవరకు చెప్పి ఆపేస్తారు. కానీ ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఒక చోట ఈ రెండూ ఎదురెదురు దారుల్లో నడుస్తాయి. పొడుపు కథలో శభాష్ అనిపించుకునే ఆలోచనకే పరీక్షలో సగం మార్కు, ఒక్కోసారి సున్నా పడుతుంది. అది ఎలాగో చెప్పే ముందు పొడుపు కథ అసలు ఏం అడుగుతుందో చూద్దాం.

పిడక కథ మీకు గుర్తుండే ఉంటుంది. "అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖాన ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువునా ఎండిపోయాను, నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదనయ్యాను." దీన్ని విప్పాలంటే పేడను చేత్తో చరిచి పిడక చేస్తారని, ఎండబెడతారని, పొయ్యిలో పెడతారని ముందే తెలిసుండాలి. తెలిసినంత మాత్రాన సరిపోదు. ఎవరో మనిషి పడ్డ కష్టాల్లాగా చెప్పినదాన్ని ఒక వస్తువు బతుకుగా తిప్పి చూడగలగాలి. మొదటిది లోకజ్ఞానం, రెండోది చూపు తిప్పే నేర్పు. పిల్లాడు తెల్లమొహం వేసినప్పుడు ఈ రెంటిలో ఏది లేక వేశాడో జవాబును బట్టి తెలియదు. కొలమానంగా పొడుపు కథకున్న మొదటి లోపం ఇదే.

మీ వాడు ఓడిపోయినవని మీరు రాసిన రెండింటినీ చూడండి. "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది." జవాబు కవ్వం. మీ ఇంట్లో మజ్జిగ ప్యాకెట్లో వస్తుంది. "తోకలేని పిట్ట తొంభై ఆమడ పోతుంది." జవాబు ఉత్తరం. ఎనిమిదేళ్ళ పిల్లాడు జన్మలో ఒక ఉత్తరం అందుకుని ఉంటాడా? ఆమడ అంటే దూరమని వాడికి ఎవరు చెప్పారు? అక్కడ వాడికి లేనిది కవ్వం, పోస్టుమాను. బుర్ర సంగతి ఆ రెండు ప్రశ్నలతో తేలదు.

అక్షరాల మీద మనకొక కథ ఉంది: తెల్లని పొలంలో నల్లని విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుకుంటారు. సరిగ్గా ఇదే ఊహ ఇటలీలోని వెరోనా గ్రంథాలయపు పాత రాతప్రతి ఒకదాని అంచున, ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల నాటి చేతిరాతలో దొరికింది. ముందు ఎద్దులను తోలుతున్నాడు, తెల్ల పొలం దున్నుతున్నాడు, తెల్ల నాగలి పట్టాడు, నల్ల విత్తనం చల్లుతున్నాడు. అక్కడ ఎద్దులు వేళ్ళు, నాగలి ఈక కలం. ఇటాలియన్ భాషకు దొరికిన తొలి ఆనవాళ్ళలో ఒకటిగా దాన్ని చెబుతారు. రాసినవాడికి చదువూ తెలుసు, సేద్యమూ తెలుసు. మీ అబ్బాయికి అక్షరాలు బాగానే తెలుసు, విత్తనం చల్లడం చూడలేదు. ఊళ్ళో పెరిగిన మీ తోటికోడలి కొడుక్కి రెండూ తెలుసు. అంతవరకు వాడికి నిజంగానే ఒక మెట్టు ఎక్కువ ఉందని ఒప్పుకోవాలి.

అయితే ఆ పిల్లాడు అప్పటికప్పుడు ఆలోచించి విప్పాడని కూడా అనుకోనక్కర్లేదు. దక్షిణాఫ్రికాలోని వెండా ప్రజల పిల్లల పొడుపు కథల మీద జాన్ బ్లాకింగ్ అనే పరిశోధకుడు 1961లో రాశాడు. అక్కడి పిల్లలు ప్రశ్నను, జవాబును కలిపి బట్టీ పడతారు. ఎన్ని వస్తే అంత గొప్ప. ఆ జవాబు ఎందుకు సరైందో అర్థం కావాలన్న నియమం కూడా లేదు. మన ఊళ్ళలోనూ చాలావరకు అంతే కదా. ఆరుబయట మంచాల మీద ఒకసారి ఓడిపోయిన పిల్లాడు రెండోసారి అదే కథకు ఠక్కున జవాబిస్తాడు. అందులో జ్ఞాపకం ఉంది, పెద్దవాళ్ళ మధ్య కూర్చునే అలవాటు ఉంది. ఆ రెండూ మంచివే. తర్కం మాత్రం ఉండొచ్చు, లేకపోవచ్చు.

ఇక "పూర్వం ఇలాగే కొలిచేవారు" అన్న మాట. అనగానే అందరికీ యక్షప్రశ్నలు గుర్తొస్తాయి. కన్ను మూయకుండా నిద్రపోయేది ఏది? చేప. పుట్టినా చలనం లేనిది? గుడ్డు. గుండె లేనిది? రాయి. వేగంతో పెరిగేది? నది. ఇవి నిఖార్సైన పొడుపు కథలే. కానీ అరణ్యపర్వంలో ఆ ఘట్టం చివరిదాకా చదవండి. అన్నిటికీ జవాబులు చెప్పిన ధర్మరాజును యక్షుడు, తమ్ముళ్ళలో ఒక్కణ్ణి బతికిస్తాను, ఎవరు కావాలో కోరుకోమంటాడు. ధర్మరాజు భీముణ్ణీ అర్జునుణ్ణీ వదిలి, మాద్రికీ ఒక కొడుకు మిగలాలని నకులుణ్ణి అడుగుతాడు. దానికి మెచ్చి యక్షుడు నలుగురినీ బతికించాడు. అంటే ఆ కథ రాసినవాళ్ళకే చిక్కు ప్రశ్నల మీద పూర్తి నమ్మకం లేదనిపిస్తుంది నాకు.

ఇప్పుడు పరీక్షల వైపు వద్దాం. 1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం బడిలో వెనకబడుతున్న పిల్లల సంగతి చూడమని ఒక సంఘం వేసింది. అందులో సభ్యుడైన మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్‌తో కలిసి 1905లో 30 అంశాల పరీక్ష తయారు చేశాడు. 1908లోనూ 1911లోనూ దాన్ని సవరించారు. ఎవరికి అదనపు సాయం కావాలో తెలుసుకోవడమే దాని పని. పెద్ద పిల్లల కోసం అందులో ఒక ప్రశ్న ఉంది: "మా పక్కింటాయన దగ్గరికి వింత చుట్టాలు వస్తున్నారు. ముందు డాక్టరు వచ్చాడు, తర్వాత లాయరు, తర్వాత మతగురువు. ఆ ఇంట్లో ఏం జరుగుతోంది?"

ఇది పొడుపు కథ కాక మరేమిటి? కావలసిన జవాబు: ఒకరు చావుబతుకుల్లో ఉన్నారు. డాక్టరు వైద్యానికి, లాయరు వీలునామాకు, మతగురువు చివరి ప్రార్థనకు. క్యాథలిక్ ఇళ్ళలో పెరిగిన పారిస్ పిల్లలకు అది తేలిక. మన పిల్లల్ని అడగండి. ఒక పంతులుగారు, ఒక లాయరు, ఒక డాక్టరు అనగానే పెళ్ళిలో గొడవ జరిగి తలలు పగిలాయి అని చెప్పినా నేను ఆశ్చర్యపోను. మన ఇళ్ళలో ప్రాణం పోకముందు పంతులుగారిని పిలిచే ఆనవాయితీ అంతగా లేదు మరి. ఆ జవాబు తెలివైందే, కాకపోతే సున్నా.

బినే పరీక్షను అమెరికాకు తగ్గట్టు మార్చి 1916లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం నుంచి లూయిస్ టెర్మన్ తెచ్చిన రూపంలో 14 ఏళ్ళవాళ్ళకు ఇంకొకటి పెట్టారు. మొదటిసారి పట్నానికి వచ్చిన ఒక అమెరికన్ ఆదివాసీ వీధిలో వెళ్తున్న తెల్లవాణ్ణి చూసి, "తెల్లవాడు సోమరి, కూర్చునే నడుస్తున్నాడు" అన్నాడు. ఆ తెల్లవాడు ఎక్కింది ఏమిటి? సైకిలు. దీన్ని ఏ మార్పూ లేకుండా మీ అత్తగారి చేతికిస్తే మరుసటి సంక్రాంతికి ఊరంతా అడుగుతుంది.

కాబట్టి ఆధునిక పరీక్ష పొడుపు కథను ఎగతాళి చేసి పుట్టలేదు. దాన్ని తనలో కలుపుకునే పుట్టింది. తేడా వచ్చింది తర్వాతి పనిలో. ఒక ప్రశ్న కొలమానంగా నిలవాలంటే అది పిల్లాడికి కొత్తది కావాలి. ఏ జవాబుకు ఎంత ఇవ్వాలో ముందే రాసిపెట్టాలి. అదే వయసు పిల్లలు వందలమందిని అడిగి, ఎంతమంది చెప్పగలిగారో లెక్క కట్టి ఉంచాలి. 118 అన్న అంకె ఆ చివరి లెక్క లోంచి వచ్చేదే. ఈడువాళ్ళ సగటును 100గా పెట్టి, వాళ్ళతో పోల్చి ఎక్కడున్నాడో చూపించే పద్ధతిని 1939లో డేవిడ్ వెక్స్‌లర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తన పరీక్షతో స్థిరపరిచాడు. పొడుపు కథకు ఈ ఏర్పాటేదీ లేదు. నాయనమ్మ మెప్పే దాని మార్కు.

ఇందాక చెప్తానన్న ఎదురుదారి సంగతి ఇప్పుడు. వెక్స్‌లర్ తరహా పరీక్షల్లో "ఈ రెంటికీ పోలిక ఏమిటి" అనే భాగం ఉంటుంది. అసలు ప్రశ్నలు బయట రాయకూడదు కాబట్టి నా సొంత ఉదాహరణ ఇస్తాను. దానిమ్మకూ మామిడికీ పోలిక ఏమిటి? "రెండూ పండ్లు" అంటే రెండు మార్కులు. "రెంటికీ తొక్క ఉంటుంది" అంటే ఒకటి. "రెండూ మా తాతయ్య తెస్తాడు" అంటే సున్నా. అంటే వస్తువులు ఏ జాతికి చెందుతాయో చెప్పే పోలికకు పెద్దపీట. పొడుపు కథ చేసేది దీనికి తలకిందులు. "నూరు పళ్ళు, ఒకటే పెదవి" అంటూ దానిమ్మను పండ్ల గంపలోంచి తీసి మనిషి మూతి పక్కన పెడుతుంది. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అని కనురెప్పలను గడప దగ్గరికి తీసుకెళ్తుంది. జాతిని దాటి రూపంలో, కదలికలో, పనిలో పోలిక పట్టుకోవడమే అక్కడ విద్య. ఆ విద్యలో ఆరితేరిన పిల్లాడు పరీక్షలో కూర్చుని "రెండూ కోస్తే రసం కారుతుంది" లాంటి కళ్ళకు కట్టే జవాబులిచ్చి మార్కులు పోగొట్టుకోవడం నేను చూశాను. జాతులు, వర్గాలు బడిలో వల్లె వేసిన పిల్లాడు ఆ భాగంలో దూసుకుపోయి, నాయనమ్మ ముందు నోరు తెరవలేడు. మీ ఇంట్లో జరిగింది అదే కావచ్చు.

ఇది వ్యక్తుల సంగతే కాదు, తరాల సంగతి కూడా. జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు 1980లలో చాలా దేశాల పాత పరీక్షా ఫలితాలను తిరగేసి, మార్కులు తరం తరానికీ పెరుగుతూ వస్తున్నాయని చూపించాడు. బొమ్మల వరుసలో తర్వాత ఏది వస్తుందో కనిపెట్టే రావెన్ పరీక్ష 1938 నాటిది. నెదర్లాండ్స్‌లో సైన్యానికి పిలిచిన యువకులకు పెట్టిన అలాంటి పరీక్షలో 1952కూ 1982కూ మధ్య దాదాపు 20 పాయింట్లు పెరిగాయి. తాతలందరూ మందబుద్ధులని దీనికి అర్థం కాదు. ఫ్లిన్ చెప్పే ఉదాహరణ ఇలా ఉంటుంది: కుక్కకూ కుందేలుకూ సంబంధం ఏమిటని వందేళ్ళ కింద అడిగితే "కుక్కతో కుందేలును వేటాడతాం" అనేవారు. ఇప్పటివాళ్ళు "రెండూ క్షీరదాలు" అంటారు. పరీక్షకు కావలసింది రెండోది. మీ అత్తగారిది మొదటి లోకం, మీ అబ్బాయిది రెండోది.

ఇంకో మాట, ప్రశ్న కొత్తదై ఉండాలన్న నియమం గురించి. పొడుపు కథ ఒక్కసారే పనిచేస్తుంది, జవాబు తెలిశాక దానితో ఏమీ తెలియదు. ఈ జబ్బు ఆధునిక పరీక్షలకూ ఉంది. షేన్ ఫ్రెడరిక్ అనే పరిశోధకుడు 2005లో ఇచ్చిన మూడు ప్రశ్నల పరీక్షలో మొదటిదాన్ని మన రూపాయల్లో చెబితే ఇలా ఉంటుంది: బ్యాటూ బంతీ కలిపి 110 రూపాయలు, బంతి కంటే బ్యాటు 100 ఎక్కువ, బంతి ధర ఎంత? చాలామంది 10 అంటారు. సరైన జవాబు 5. ఇప్పుడది ఇంటర్నెట్టంతా తిరిగేసింది కాబట్టి దానితో కొలిచే విలువ తగ్గిపోయింది. పరీక్షల పెట్టెలను తాళం వేసి ఉంచేది అందుకే. ఈ చిక్కును మనవాళ్ళు ఎప్పుడో పట్టుకున్నారని చెప్పడానికి నాకు భలే సరదా. అష్టావధానంలో నిషిద్ధాక్షరి చూడండి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏది వస్తుందో ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. ఇంటి దగ్గర కట్టుకొచ్చిన పద్యం అక్కడ చెల్లదు.

అందుచేత మీ ఇంట్లో ఒక పని చేసి చూడండి. పిల్లలిద్దరికీ తెలిసిన వస్తువుల మీద, ఇద్దరూ వినని కథలు వేయండి. నేను కట్టినవి రెండు ఇస్తాను. "గోడ దగ్గర కడుపు నింపుకుంటాడు, జేబులో పడుకుంటాడు, ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా వణికిపోతాడు." సెల్‌ఫోను. "మూడు రెక్కలున్నా ఎగరదు, రోజంతా తిరిగినా గది దాటదు." ఫ్యాను. వీటిలో ఎవరు ముందు చెబుతారో నేను పందెం కట్టను. జవాబు కంటే దారిని గమనించండి. మీ వాడు ఫోను అనకుండా "బల్లి" అంటే, గోడ అన్న ఒక్క మాటనే పట్టుకున్నాడు, మిగతా రెండు ఆనవాళ్ళను సరిచూడలేదు. "జేబులో బల్లి పడుకుంటుందా?" అని అడిగితే తనంతట తాను దిద్దుకుంటే నిక్షేపంలా ఉన్నాడు.

దానికంటే మంచిది, వాణ్ణే ఒక కథ కట్టమనడం. ఫ్రిజ్ మీద, లిఫ్టు మీద, బడి బస్సు మీద. ఆరేడేళ్ళ లోపు పిల్లలు కట్టేవి పొడుపు కథల్లా ఉండవు, జవాబు వాళ్ళ ఇష్టం వచ్చినట్టు ఉంటుంది. ఎనిమిదేళ్ళకు వినేవాణ్ణి దారి తప్పించే ఒక మాట, దారి చూపే ఒక మాట రెండూ ఉండాలన్న సంగతి తెలియడం మొదలవుతుంది. అవతలివాడికి ఏం తెలుసో ఊహించి కట్టాలి కదా, అది ఏ అచ్చు పరీక్షలోనూ సరిగ్గా దొరకని నైపుణ్యం.

అన్నట్టు పొడుపు కథల్లోనే లోకజ్ఞానం పెద్దగా అక్కర్లేని రకం ఒకటుంది. ఎగిరే హంసలను చూసి "వందమంది ఉన్నారా?" అని కింద ఉన్న హంస అడిగితే, "మేమూ, మా అంతమందీ, మాలో సగం, ఆ సగంలో సగం, నీతో కలిపితే వంద" అన్నాయట. జవాబు 36. దీన్ని లెక్కల పుస్తకం ముఖం చూడనివాళ్ళు కూడా తడుముకుంటూ తేల్చేవారు. మీ అబ్బాయికి ఇంకో రెండేళ్ళకు ఇవ్వండి.

ఇక 118 సంగతి. అది నిజమైన అంకె అయితే, అదే వయసు పిల్లలు వందమందిలో దాదాపు 88 మంది కంటే పైన ఉన్నాడని అర్థం. ఏ పరీక్షకైనా అటూ ఇటూ నాలుగైదు పాయింట్ల తేడా సహజం కాబట్టి 113, 123 మధ్య ఎక్కడో అని చదువుకోండి. అది పోలికలు పట్టుకునే వేగం, తర్కం, మాటల సంపద వంటివి ఈ రోజున ఎలా ఉన్నాయో చెబుతుంది. ఓర్పు గురించి, నాయనమ్మ కళ్ళలోకి చూసి నవ్వగలగడం గురించి ఏమీ చెప్పదు. బడుల్లో ఎక్కువగా పెట్టేది రావెన్ లాంటి బొమ్మల పరీక్ష, తరగతి మొత్తానికి ఒకేసారి. అదే అయితే అందులో భాష అన్నదే లేదు. దానితో మాటల నేర్పును అంచనా కట్టడం కుదరదు.

మీ వాడి గురించి అనడం లేదు గానీ, చదివే మిగతావారి కోసం ఇది చెప్పాలి. కొందరు పిల్లలు ప్రతి మాటనూ ఉన్నదున్నట్టే తీసుకుంటారు. తోకలేని పిట్ట అంటే తోక తెగిన పిట్ట కోసమే వెతుకుతారు, వేళాకోళం అర్థం కాదు, ఈడు పిల్లలతో కలవరు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది తరచూ కనిపిస్తుంది. అలాంటి పిల్లలకు వెక్స్‌లర్ పరీక్షలో కంటే రావెన్‌లో చాలా ఎక్కువ వస్తుందని 2007లో మాంట్రియల్ పరిశోధకులు చూపించారు. పొడుపు కథలతో తూచితే వాళ్ళను మొద్దులంటారు, బొమ్మలతో తూచితే మేధావులంటారు. అక్కడ కావలసింది విడివిడి భాగాలుగా చేసే పూర్తి పరీక్ష, అదీ పిల్లాడు ఇంట్లో మాట్లాడే భాషలో.

బడివాళ్ళను రెండు విషయాలు అడగండి. ఏ పరీక్ష పెట్టారు, దాని సగటు లెక్కలు ఏ సంవత్సరానివి. బినే పరీక్షను మన పిల్లలకు తగ్గట్టు మార్చిన బినే-కామత్ మన దేశంలో ఇంకా వాడుకలో ఉంది, దాని మూలాలు 1930ల నాటివి, మాలిన్ పరీక్ష 1969 నాటిది. ఫ్లిన్ చెప్పిన పెరుగుదల వల్ల అంత పాత లెక్కలతో పోలిస్తే ఇప్పటి పిల్లలకు ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. అదే పరీక్షను ఏడాది తిరక్కముందే మళ్ళీ చేయించకండి, అలవాటుతోనే మార్కులు పెరుగుతాయి. పరీక్ష పేరు, సంవత్సరం తెలిస్తే ఇక్కడ రాయండి, ఆ 118లో ఎంత తీసి చూడాలో చెబుతాను.